ఆల్కహాల్ లేని వుడీ స్పైసీ పెర్ఫ్యూమ్ ఆయిల్ ఇంట్లో కలుపుకోవడం ఎలా: మసాలా తగ్గించండి, చెక్క పెంచండి

వెచ్చగా, కాస్త ఘాటుగా, అడుగున గంధం వాసనతో ఉండే పెర్ఫ్యూమ్ అంటే నాకు పిచ్చి. స్ప్రేలు కొట్టుకుంటే చర్మం పొడిబారి దురద పెడుతోందని ఆల్కహాల్ లేకుండా నూనెలో నేనే కలుపుకోవడం మొదలుపెట్టా. మొదటిసారి ఏం చేశానో చెప్తే మీకు సగం పని అక్కడే అయిపోతుంది. ఘాటు కావాలి కదా అని 10 ఎంఎల్ కొబ్బరినూనెలో దాల్చినచెక్క ఎసెన్షియల్ ఆయిల్ పది చుక్కలు, లవంగ నూనె ఓ ఏడెనిమిది చుక్కలు, గంధం నూనె మాత్రం ఖరీదని రెండే రెండు చుక్కలు వేసి బాగా గిలక్కొట్టి ఆత్రం ఆగక ఆ సాయంత్రమే మణికట్టుకి రాసేసుకున్నా. పది నిమిషాలకి చెయ్యి ఎర్రగా కందిపోయి ఒకటే మంట. అది చాలదన్నట్టు మా అత్త పక్కన కూర్చుంటూనే "ఏమ్మా, పన్ను నొప్పా? లవంగ నూనె పెట్టుకున్నావా?" అంది. పెర్ఫ్యూమ్ అత్తా అని చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే అసలు సంగతి తెలిసింది. 20 చుక్కలు సుమారుగా 1 ఎంఎల్ అనుకుంటే పది చుక్కలంటే అర ఎంఎల్, అంటే 10 ఎంఎల్‌లో 5 శాతం. దాల్చినచెక్క బెరడు నుంచి తీసిన నూనెకి చర్మం మీద ఉంచుకునే వాటిలో అరోమాథెరపీ వాళ్లు పాటించే హద్దు 0.07 శాతం. నేను వేసింది దానికి డెబ్బై రెట్లు! చెయ్యి మండకుండా ఏం చేస్తుంది.

అప్పటినుంచి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. వెచ్చదనం మసాలాలోంచి రాదు, చెక్కలోంచి, బంకలోంచి వస్తుంది. మసాలా పని ఒకసారి గిల్లి వదిలెయ్యడం, అంతే. మసాలా ముందుకొచ్చి కూర్చుంటే అది పెర్ఫ్యూమ్ కాదు, పోపుల డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

అసలు ఆల్కహాల్ తీసేస్తే ఏం మారుతుందో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది స్ప్రే పెర్ఫ్యూమ్‌లా ఉంటుందనుకుని కలిపి తర్వాత "వాసనే రావట్లేదు" అంటారు. స్ప్రేలో ఉండే ఇథనాల్ చర్మం మీద పడగానే ఆవిరైపోతూ సువాసనని తనతోపాటు గాల్లోకి ఎత్తుకెళ్తుంది, అందుకే కొట్టగానే గది అంతా గుప్పుమంటుంది. నూనె అలా ఎగరదు. చర్మాన్ని అంటిపెట్టుకుని ఒంటి వేడికి కొంచెం కొంచెంగా వదులుతుంది. కాబట్టి మొదట్లో ఆర్భాటం ఉండదు, పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది, బదులుగా నిదానంగా చాలాసేపు ఉంటుంది. నాకైతే ఇదే నచ్చుతుంది, లిఫ్ట్‌లో అందరి ముక్కులూ అదరగొట్టాల్సిన పని లేదు. ఇంకో మాట, స్ప్రే కోసం రాసిన ఫార్ములాని అలాగే నూనెలో కలిపితే కుదరదు, నిమ్మ, నారింజ లాంటి పైపై వాసనలు నూనెలో కాస్త మందంగా, అణిగినట్టు అనిపిస్తాయి.

ఒక చిన్న తిరకాసు కూడా చెప్పాలి. కెమిస్ట్రీ చదివినవాళ్లు గంధంలో ఉండే శాంటలాల్, సెడార్‌లో ఉండే సెడ్రాల్ కూడా ఆల్కహాల్సే కదా అంటారు. నిజమే, అణువులో ఆ గ్రూప్ ఉంది కాబట్టి పేరు అది. కానీ సీసా మీద ఆల్కహాల్ ఫ్రీ అని రాసినప్పుడు మనం మాట్లాడేది ఇథనాల్ గురించి. మతపరంగా వద్దనుకునేవాళ్లైనా, చర్మం పడక వద్దనుకునేవాళ్లైనా చూసుకోవాల్సింది దాన్నే. అలాగని ఆల్కహాల్ లేదంటే ఎలర్జీ రాదని కాదు సుమా. లవంగంలో యూజెనాల్, నారింజలో లిమొనీన్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్ ఇవన్నీ కొందరికి పడవు. యూరప్‌లో ఇలాంటి 26 పదార్థాల పేర్లు లేబుల్ మీద రాయాలని చాలాకాలంగా రూల్ ఉంది, 2023లో ఆ లిస్టుని 80 దాటించారు. సహజమైనదే కదా అని ధీమా పడకండి.

ఇక బేస్ ఆయిల్, అంటే సువాసనలన్నీ కలిపే అడుగు నూనె. దీని దగ్గర నేను బోలెడు సీసాలు పాడుచేశాక జొజొబా దగ్గర ఆగిపోయా. పేరుకి ఆయిల్ గానీ నిజానికి అది ద్రవరూపంలో ఉండే మైనం, మామూలు నూనెల్లా తొందరగా ముక్కిపోయిన వాసన రాదు, దానికంటూ వాసన కూడా పెద్దగా లేదు, కాకపోతే రిఫైన్ చేసింది తీసుకోండి, పచ్చటి జొజొబాకి కొంచెం గింజ వాసన ఉంటుంది. రెండోది ఫ్రాక్షనేటెడ్ కొబ్బరినూనె, ఎంసీటీ అని అమ్ముతారు. ఇది గడ్డకట్టదు, వాసన లేదు, పల్చగా ఉంటుంది, రోల్ ఆన్‌కి బాగుంటుంది. మామూలు కొబ్బరినూనె మాత్రం వద్దు, 24, 25 డిగ్రీల కిందకి వెళ్తే గడ్డకడుతుంది, పైగా దాని వాసన మీ గంధాన్ని మింగేస్తుంది. నువ్వుల నూనెదీ అదే కథ. బాదం నూనె మంచిదే గానీ ఏడాది తిరక్కుండానే పాడయ్యే రకం, తక్కువగా కలిపి త్వరగా వాడేసేవాళ్లకైతే సరే.

చాలామంది అడిగే ప్రశ్న, ఎసెన్షియల్ ఆయిల్ ఎందుకు, లవంగాలూ ఏలకులూ దంచి నూనెలో నానబెడితే సరిపోదా అని. నేను నానబెట్టా. మూడు వారాలు రోజూ సీసా ఊపుతూ ఎదురుచూస్తే చివరికి వచ్చింది లేత వాసన, అదీ రాసుకున్న పావుగంటకి మాయం. పైగా దినుసుల్లో ఎంతో కొంత తేమ ఉంటుంది, అది నూనెలోకి దిగితే బూజుకి దారి. ఎసెన్షియల్ ఆయిల్ అంటే బోలెడంత దినుసుని ఆవిరి పట్టించి తీసిన సారం, రెండింటికీ పోలికే లేదు.

ఇప్పుడు వాసనల దగ్గరికొద్దాం, ముందు చెక్కలు, ఎందుకంటే మన డబ్బు, ఓపిక రెండూ ఇక్కడే పెట్టాలి.

గంధం గురించి కొత్తగా చెప్పేదేముంది, మెత్తగా, పాలమీగడలా, అరుపులు లేకుండా ఉంటుంది. చెట్టు లోపలి చేవలోంచి నూనె తీస్తారు, చేవ పట్టడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, అందుకే అసలుది చవగ్గా దొరికితే అనుమానించాల్సిందే. గంధంలో ఒక తమాషా ఉంది, దాని అణువులు పెద్దవి, మెల్లగా లేస్తాయి, కొంతమంది ముక్కులకి సరిగ్గా అందవు కూడా. సీసా మూత తీసి వాసన చూసి "ఏమీ లేదే" అని పక్కన పెట్టకండి, మణికట్టుకి ఒక బొట్టు బేస్ ఆయిల్‌తో కలిపి రాసి అరగంట తర్వాత చూడండి.

రెండోది సెడార్. ఇక్కడ పేర్ల గందరగోళం ఉంది. వర్జీనియా సెడార్ అనేది నిజానికి సెడారే కాదు, జునిపర్ జాతి చెట్టు. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే వాసన తెలుసుగా, అదే ఇది, ఒకప్పుడు పెన్సిళ్లు దీంతోనే చేసేవాళ్లు. పొడిగా, శుభ్రంగా ఉంటుంది. మన దేవదారు, అట్లాస్ సెడార్ మాత్రం అసలు సెడార్లు, వీటి వాసన ఇంకాస్త తియ్యగా, మందంగా ఉంటుంది. కొనేటప్పుడు ఏదో ఒకటి అని తీసుకోకుండా ఏ చెట్టుదో చూసి తీసుకోండి, రెంటినీ మార్చి వేస్తే మొత్తం మారిపోతుంది. నేను ఈ ఫార్ములాకి వర్జీనియాదే వాడతా, గంధం మెత్తదనానికి ఆ పొడి పెన్సిల్ వాసన ఎముకలా నిలబడుతుంది.

వట్టివేరు నూనె చిక్కగా తేనెలా ఉంటుంది, తడి మట్టి, వేళ్లు, కొంచెం పొగ. పచోలీ అనే ఆకు నూనె దానికి పిన్నికూతురు లాంటిది, మట్టీ తీపీ కలిసి ఉంటుంది, పాతబడేకొద్దీ బాగుపడుతుంది. రెండూ కొంచెంగా వేస్తే పెర్ఫ్యూమ్ గంటలకొద్దీ నిలబడుతుంది, కొంచెం మించితే బీరువాలో ఏళ్లతరబడి మూసిపెట్టిన బట్టల వాసన.

బంకల్లో నాకు రెండే చాలు. ఫ్రాంకిన్సెన్స్ కొంచెం నిమ్మపులుపుతో మొదలై పొగలా ఆగుతుంది. బెంజోయిన్, అంటే సాంబ్రాణి బంక, వెనిలా లాంటి తీపిని ఇస్తుంది, ఆ "వెచ్చగా" అనిపించే ఫీలింగ్‌లో సగం దీనిదే. కానీ దీంతో రెండు జాగ్రత్తలు. ఒకటి, బెంజోయిన్ గట్టి ముద్ద కాబట్టి చాలాచోట్ల దేంట్లోనో కరిగించి అమ్ముతారు, ఆ కరిగించింది ఇథనాల్ కూడా కావచ్చు, టింక్చర్ అని ఉంటే కచ్చితంగా ఆల్కహాలే. ఇన్ని తంటాలు పడి ఆల్కహాల్ ఫ్రీ చేసి చివర్లో సాంబ్రాణితో ఆల్కహాల్ తెచ్చి కలిపినట్టవుతుంది. అడిగి తీసుకోండి. రెండోది, ఇది నూనెలో పూర్తిగా కరగదు, కొంత అడుగున పేరుకుంటుంది, దానికి ఉపాయం కింద చెప్తా. వెనిలా ఎసెన్స్ వేద్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన ఇక్కడే మానెయ్యండి, చాలావాటిల్లో ఆల్కహాలూ నీళ్లూ ఉంటాయి, నూనెలో కలవకుండా బుడగల్లా అడుగున కూర్చుంటుంది.

ఇక మసాలాలు, తక్కువ మోతాదు కదా, తక్కువగానే చెప్తా. ఏలకుల నూనెలో యూకలిప్టస్‌లో ఉండే సినియోల్ ఉంటుంది, అందుకే ఘాటుతోపాటు ఒక చల్లగాలి లాంటిది వస్తుంది, ఎక్కువైతే జలుబు మందు. మిరియాల నూనె నాలుకని మండించే మిరియం కాదు, ఆ మంట పెట్టే పైపరిన్ ఆవిరితో పైకి రాదు, నూనెలోకి వచ్చేది పొడిగా, చెక్కలా ఉండే వాసన మాత్రమే, సెడార్‌కి భలే జోడి. లవంగంలో ఎక్కువ భాగం యూజెనాలే, చర్మం మీద హద్దు 0.5 శాతం. దాల్చిన ఆకు నూనెలోనూ ఎక్కువ యూజెనాలే ఉంటుంది కాబట్టి అదీ ఇదీ కలిపి వేసేటప్పుడు రెండూ కలిపి ఆ అర శాతంలోపే ఉండాలి, విడివిడిగా లెక్క వేసి మోసపోకండి. దాల్చిన బెరడు నూనె జోలికి నేనైతే మళ్లీ పోలేదు.

సామాన్ల గురించి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ స్కేల్ ఒకటి తప్పనిసరి, చుక్కల లెక్క నమ్మొద్దు. వట్టివేరు చుక్క ఒకంత, నారింజ చుక్క ఒకంత, డ్రాపర్ మారితే ఇంకొకంత. చిన్న గాజు సీసాలు, గాజు డ్రాపర్లు, లేబుళ్లు, ఒక నోట్‌బుక్. ప్లాస్టిక్ గిన్నెలు వద్దు, కొన్ని నూనెలు ప్లాస్టిక్‌ని తినేస్తాయి. డ్రాపర్ మూత ఉన్న సీసాల్లో నిల్వ కూడా పెట్టొద్దు, పైన రబ్బరు బుడ్డి నూనె ఆవిరికి ఉబ్బి జిగురై ఆ వాసన లోపలికి దిగుతుంది, మామూలు మూత బిగించండి. అన్నీ పూర్తిగా పొడిగా ఉండాలి. నీళ్లు లేనంతవరకూ ఈ నూనెకి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, ఒక్క నీటిబొట్టు చేరితే ఆ మాట చెప్పలేం.

లవంగాన్ని నేరుగా వెయ్యొద్దు, ముందు పల్చన చేసుకోండి. ఎందుకంటే మనకి కావాల్సింది 0.02 గ్రాములు, అది ఒక్క చుక్క కంటే కూడా తక్కువ కావచ్చు, స్కేల్ ఒక్క గీత తప్పు చూపిస్తే సగానికి సగం తేడా. అందుకని 0.50 గ్రాముల లవంగ నూనె, 4.50 గ్రాముల జొజొబా కలిపి "లవంగం 10 శాతం" అని లేబుల్ అంటించి పెట్టుకోండి. ఇందులోంచి 0.20 గ్రాములు తీస్తే అసలు లవంగం 0.02 గ్రాములు పడినట్టు. అంతా కలిపి 10 గ్రాములకి నా ఫార్ములా ఇదీ:

వర్జీనియా సెడార్ 0.30 గ్రాములు
గంధం 0.20
పచోలీ 0.10
బెంజోయిన్ 0.10
ఫ్రాంకిన్సెన్స్ 0.08
వట్టివేరు 0.06
ఏలకులు 0.06
మిరియాలు 0.05
తీపి నారింజ 0.03
లవంగం 10 శాతం 0.20
జొజొబా 8.82

సువాసన భాగం మొత్తం 10 శాతం వస్తుంది. గంధం, బెంజోయిన్ రెండూ 2 శాతం దాటకుండా, లవంగం 0.2 శాతంలో ఆగేలా చూసుకునే రాశా, మీరు పెంచాలనుకుంటే సెడార్‌ని పెంచండి, వీటిని కాదు. నారింజ బదులు బెర్గమాట్ (అదీ నారింజ జాతి పండు నూనే) వేస్తానంటే ఎండలో చర్మం కాలకుండా ఫ్యూరోకౌమరిన్ తీసేసిన రకమే తీసుకోండి, మామూలుదైతే హద్దు 0.4 శాతం. రెడీమేడ్ ఫ్రాగ్రెన్స్ ఆయిల్స్ కలిపేవాళ్లు కూడా ఉన్నారు, అందులో నామోషీ ఏం లేదు, కాకపోతే నూనెలో కరిగేదేనా, ఇఫ్రా సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఇఫ్రా అంటే 1973 నుంచి ఉన్న అంతర్జాతీయ సువాసనల సంఘం, ఏ పదార్థం ఏ రకం ప్రోడక్ట్‌లో ఎంతవరకూ వాడొచ్చో హద్దులు పెట్టేది వాళ్లే.

ఇంకో లెక్క మర్చిపోయి నేను టేబుల్ అంతా జిడ్డు చేసుకున్నా. గ్రామూ ఎంఎలూ ఒకటి కాదండీ. జొజొబా నీళ్లకంటే తేలిక, 1 ఎంఎల్ 0.87 గ్రాములే తూగుతుంది, కాబట్టి ఈ 10 గ్రాములు 11 ఎంఎల్ దాటుతుంది, 10 ఎంఎల్ రోల్ ఆన్‌లో పట్టదు. 20 ఎంఎల్ సీసాలో కలిపి తర్వాత రోల్ ఆన్‌లోకి వంపుకోండి, మిగిలింది రెండో చిన్న సీసాలోకి.

కలిపే పద్ధతి. ఖాళీ సీసాని స్కేల్ మీద పెట్టి జీరో నొక్కి, బరువైన వాసనలనుంచి మొదలుపెట్టండి. వట్టివేరు డ్రాపర్‌లోకి ఎక్కనని మొండికేస్తే సీసాని మూతతోనే గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టండి, పైన తడి పూర్తిగా తుడిచాకే మూత తియ్యండి. బెంజోయిన్ కూడా అంతే. ఒక్కోటి వేసిన ప్రతిసారీ జీరో నొక్కండి, వేసినంత అంకె అప్పటికప్పుడే నోట్‌బుక్‌లో రాయండి, 0.30 బదులు 0.33 పడితే 0.33 అనే రాయండి. ఒకవేళ అద్భుతంగా కుదిరితే మళ్లీ చేయాలంటే ఆ నిజం అంకెలే దిక్కు. నాది ఒకటి అలా పోయింది, ఎంత బాగా వచ్చిందో, ఎంత వేశానో రాసుకోలేదు, ఇప్పటికీ దాన్ని పట్టుకోలేకపోతున్నా.

జొజొబా అప్పుడే పొయ్యకండి. ముందు ఈ చిక్కటి మిశ్రమాన్నే మూత పెట్టి అరచేతుల మధ్య దొర్లించి బెంజోయిన్ పూర్తిగా కలిసేదాకా చూసి చీకట్లో ఒక వారం పెట్టండి. మొదటిరోజు వాసన చూస్తే గొడవగా ఉంటుంది, ఏలకులు ఒక మూల, మిరియాలు ఒక మూల, ఎవరి గోల వాళ్లది. వారానికి సర్దుకుంటాయి. అప్పుడు జొజొబా కొంచెం కొంచెంగా పోస్తూ దొర్లించండి. మసకబారితే కంగారు పడొద్దు, బెంజోయిన్ వల్ల అలా అవుతుంది, రెండుమూడు రోజులు కదపకుండా ఉంచితే అడుగుకి దిగుతుంది, పైన తేటని మెల్లగా వేరే సీసాలోకి వంచుకుంటే సరి. ఈ తలనొప్పి వద్దనుకుంటే మొదటిసారికి బెంజోయిన్ మానేసి ఆ 0.10 బదులు జొజొబానే అంత ఎక్కువ పొయ్యండి, తీపి తగ్గుతుంది గానీ పెర్ఫ్యూమ్ పాడవదు.

నూనె పోశాక ఇంకో మూడు వారాలు. అవును మూడు వారాలే. నాకూ ఓపిక లేదు, ప్రతి నాలుగు రోజులకీ మూత తీసి చూస్తూనే ఉంటా, కానీ తేడా నిజంగా ఉంటుంది. ఏలకుల మందు వాసన వెనక్కి పోతుంది, సెడార్‌కీ గంధానికీ మధ్య అతుకు కనపడకుండా పోతుంది, లవంగం ఎక్కడుందో చెప్పలేనట్టు అయిపోతుంది, కానీ తీసేస్తే మాత్రం లోటు తెలుస్తుంది. వాసన చూసేటప్పుడు సీసా మూతిలో ముక్కు పెట్టకండి, కాగితం పట్టీ నూనెని పీల్చుకుని వాసన తక్కువగా చూపిస్తుంది కాబట్టి చర్మం మీదే చూడాలి. మూడు నాలుగుసార్లు పీల్చాక ముక్కు మొద్దుబారిపోతుంది, అప్పుడు బయటికెళ్లి మామూలు గాలి పీల్చుకుని పది నిమిషాలాగి రండి, కాఫీ గింజలు అవీ ఏమీ అక్కర్లేదు.

రాసుకునే ముందు ప్యాచ్ టెస్ట్. మోచేతి లోపలివైపు ఒక చిన్న బొట్టు రాసి, బ్యాండేజ్ అంటించి 48 గంటలు ఉంచండి. దురద, ఎర్రదనం, చిన్న పొక్కులు ఏమొచ్చినా తీసేసి ముందు మామూలు వంటనూనె ముంచిన దూదితో తుడిచి తర్వాత సబ్బుతో కడగండి, ఒట్టి నీళ్లతో ఎసెన్షియల్ ఆయిల్ పోదు. అలా వచ్చినవాళ్లు ఇంకొంచెం పల్చన చేసి చూద్దాం అనుకోవద్దు, ఆ సీసా మీది కాదు, ఎవరికైనా ఇచ్చెయ్యండి, వాళ్లనీ టెస్ట్ చేసుకోమనండి. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. పిల్లలకి అందకుండా పెట్టండి, ముఖ్యంగా పల్చన చేయని లవంగ నూనె సీసా, మింగితే చాలా ప్రమాదం.

రాసుకోవడం పెద్ద విద్య కాదు. స్నానం అయ్యాక, వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకున్న చర్మం మీద అయితే ఎక్కువసేపు ఉంటుంది. మణికట్టు, మోచేతి లోపల, చెవి వెనక, ఒక్కోచోట ఒక్క గీత. అంతకంటే ఎక్కువ రాస్తే వాసన పెరగదు, జిడ్డు పెరుగుతుంది. అప్పుడే షేవ్ చేసిన చోట, గీరుకున్న చోట వద్దు. బట్టల మీద అసలే వద్దు, నూనె మరక, పైగా పచోలీ, వట్టివేరు రంగు కూడా ఉంటుంది, పట్టు మీద పడితే ఇక అంతే. మా అక్క లేత రంగు చున్నీ అంచున ఒక గోధుమరంగు చుక్క ఇప్పటికీ ఉంది, ఆ సంగతి నేను మర్చిపోయినా తను మర్చిపోదు. రాసుకున్న అరగంటకి మీకు వాసన తెలియకపోతే పోయిందనుకుని మళ్లీ రాయకండి, మీ ముక్కు అలవాటుపడింది అంతే, పక్కవాళ్లని అడగండి.

కుదరకపోతే సరిచేసుకోవడం ఇలా. మందులషాపు వాసనొస్తే ఏలకులు, లవంగం ఎక్కువైనట్టు, తీసెయ్యలేం కాబట్టి మసాలా లేకుండా ఇదే ఫార్ములా ఇంకో 10 గ్రాములు కలిపి రెంటినీ కలిపెయ్యండి. మట్టివాసన ఎక్కువైతే ముందు 0.10 సెడార్ వెయ్యండి, చాలకపోతే తర్వాత 0.03 నారింజ. పొడిగా, ఒట్టి పెన్సిల్‌లా ఉంటే ఆ లోపం సరిగ్గా బెంజోయిన్‌ది, బెంజోయిన్ మానేసినవాళ్లకే ఎక్కువగా ఇలా అనిపిస్తుంది. అసలు ఏ వాసనా లేదనిపిస్తే సువాసన పెంచేముందు ఇంకో రెండు వారాలు ఆగండి, ఆగాక కూడా అంతే ఉంటే సెడార్, ఫ్రాంకిన్సెన్స్ మాత్రం కొంచెం పెంచండి. ఏది ఎంత కలిపినా ఒకసారికి ఒక్కటే మార్చి, రాసుకుని, నాలుగు రోజులు ఆగి చూడండి, ఒకేసారి మూడు మారిస్తే ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ముదురు రంగు గాజు సీసాలో, నిండుగా, ఎండా వేడీ తగలని చోట పెట్టండి, బాత్రూమ్ అల్మారా మాత్రం వద్దు, అక్కడ ఆవిరి. సీసాలో సగం ఖాళీ ఉంటే ఆ గాలికి నారింజ నూనె ముందు చెడిపోతుంది, చెడిన నారింజ నూనె చర్మానికి పడదు, అందుకే తగ్గేకొద్దీ చిన్న సీసాలోకి మార్చుకుంటూ ఉండాలి. ఎంసీటీ, జొజొబా కాకుండా వేరే నూనె వాడినవాళ్లు విటమిన్ ఇ 0.2 శాతం కలుపుకుంటే మంచిది, 10 గ్రాములకి 0.02 గ్రాములు, అంటే మళ్లీ లవంగంలాగే ముందు పల్చన చేసుకునే వెయ్యాలి. లేబుల్ మీద కలిపిన తేదీ రాయండి. నేను ఏడాదిలోపు వాడేస్తా, ఆ తర్వాత ఉంటే మూత తీసి చూస్తా, ముక్కిపోయిన నూనె వాసనో, మైనం రంగు పెన్సిళ్ల వాసనో వచ్చిందంటే అంతే సంగతులు, సింక్‌లో పొయ్యకుండా పాత కాగితంతో పీల్చేసి చెత్తలో వేసి, సీసాని సబ్బునీళ్లతో కడిగి, రెండు రోజులు బోర్లించి పూర్తిగా ఆరాకే కొత్తది పోస్తా.